దూదేకుల విల్లుతో కణుజు వేట

ఆ రోజుల్లో మాకు రాని పని అంటూ ఉండేది కాదు. అన్నీ వచ్చునని కాదు, రాదేమోనన్న అనుమానం వచ్చేది కాదు, అంతే. దబీర్‌పురా స్టేషన్ వెనక మా గల్లీలో ఎవరి రేడియో మూగబోయినా మేమే విప్పేవాళ్లం (మళ్లీ బిగించే పూచీ మాది కాదు). ఎవరి సైకిల్ చైను తెగినా మేమే అతికేవాళ్లం. అది నడిబజార్లో మళ్లీ తెగే వేళకు మేం ఇంకో పనిలో పడిపోయేవాళ్లం. అరవైల చివరి మాట ఇది. నేను అప్పుడే ఒక సర్కారు కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాను. మీసమూ పూర్తిగా రాలేదు, జీతమూ పూర్తిగా రాలేదు. ఇప్పుడు వంటింట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలిపించే నేను, ఒకప్పుడు విల్లూ బాణాలూ పట్టుకుని నల్లమల అడవికి కణుజును కొట్టడానికి బయలుదేరానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మించే సాక్షులిద్దరిలో ఒకడు పోయాడు, ఇంకొకడికి మతిమరుపు. కాబట్టి మీరే నమ్మాలి.

ఈ కథకంతా మూలం మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి. ఆమె అచ్చంపేట అవతల అడవి అంచున ఉన్న పల్లెలో పుట్టి, ఓణీ వేసే వయసు కూడా రాకముందే పెళ్లై పట్నం వచ్చేసింది. తల్లిగారి వైపు ఒక్కరూ మిగల్లేదు. నాకు తెలిసినప్పటినుంచీ ఆమె లోకమంతా మా ఇంటి గడప పక్కన ఉన్న అరుగే. మోకాళ్లు పట్టేశాయి, బస్సు పేరెత్తితేనే వాంతి. ఆ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని, చిన్న ఇత్తడి రోట్లో ఆకూ వక్కా వేసి టక్ టక్‌మని దంచుకుంటూ, వచ్చే పోయే వాళ్లందరి యోగక్షేమాలూ విచారించేది. ఆ దంపుడు మా ఇంటి గడియారం. ఆ ఏడు ఎండాకాలంలో ఆమెకు జ్వరం పట్టుకుని చాలా రోజులు లేవలేదు. దంపుడు వినపడకపోయేసరికి ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. డాక్టరు బాపును పక్కకు పిలిచి ఏదో చెప్పాడు, బాపు ఆ పూట అన్నం తినలేదు. తర్వాత ఎలాగో తేరుకుని మళ్లీ అరుగు మీదికి వచ్చింది గానీ సగం మనిషైపోయింది. ఒక సాయంత్రం నేను కార్ఖానా నుంచి వచ్చి పక్కన కూర్చుంటే దంపుడు ఆపి నా చెయ్యి పట్టుకుంది.

"అరేయ్, సచ్చెలోపల ఒక్కపారి మా దిక్కు కణుజు కూర తినాలెరా. మా నాయిన కొట్కచ్చేటోడు. ఊరంత పోగులేసుకుంటుండె."

కణుజంటే దుప్పి జాతిలో పెద్దది. గుర్రమంత ఎత్తు, కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములు. పోగులంటే మీకు తెలిసిందే: మాంసాన్ని సమానంగా కుప్పలు పోసి ఇంటికొక కుప్ప పంచుకోవడం. బాపమ్మ నా చిన్నప్పటినుంచీ నన్ను ఏదీ అడగలేదు. నేనే ఆమెను అడిగేవాణ్ణి, ఆమె కొంగు ముడి విప్పేది. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగింది, అదీ చావు మాట కలిపి. "ఫికర్ జెయ్యకు బాపమ్మా, నేను కొట్కస్త" అన్నాను. అప్పటిదాకా నేను కొట్టిన అతిపెద్ద జంతువు బొద్దింక.

గల్లీ చివర చాయ్ హోటల్లో నా ఇద్దరు దోస్తులకు ఈ సంగతి చెప్పాను. ఒకడు మా కార్ఖానాలోనే వడ్రంగి షాపులో అప్రెంటిస్. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుంది కాబట్టి అందరూ 'ఇంజనీర్' అనేవాళ్లు. రెండోవాడి నాన్న మేడ మీద పావురాలు పెంచేవాడు. వీడు ఏ ఉపద్రవం వచ్చినా "ఫికర్ మత్ కరో మియా" అంటాడు గనక వాడి పేరు 'ఫికర్‌మత్'గా స్థిరపడిపోయింది. ఆ కాలంలో వేటంటే దొరలు, నవాబుల పిల్లలు జీపుల్లో పోయేవాళ్లు. ముందు ఒక వేటగాడు దారి చూపితే వెనక వంటవాడు దేగ్చాలు మోసుకొచ్చేవాడు. మాకు తుపాకీ లేదు, జీపు లేదు, వంటవాడు మొదలే లేడు. "అచ్చంపేట కాడ చెంచోన్ని ఒకన్ని మాట్లాడుకుందామా?" అని నేను అడిగితే ఇంజనీర్ స్క్రూడ్రైవర్ బల్ల మీద కొట్టాడు. "ఆయన జూపిస్తే, ఆయన ఉరికిస్తే, ఇగ మనం కొట్టిందేంది? మీ బాపమ్మకు ఏమని జెప్తవ్? అంత మనమే జేసుకోవాలె. విల్లు గూడ మనదే." (ఇది చదివి ఎవరైనా నా మీద కేసు పెట్టేలోపు ఒక మాట. ఇప్పటి చట్టం అప్పటికింకా రాలేదు. పర్మిట్ ఉంటే వేట చెల్లేది. మా దగ్గర పర్మిట్ లేదు, అది వేరే సంగతి.)

విల్లు అనుకోవడం సులువే, అది ఎక్కడ దొరుకుతుంది? మా గల్లీలో విల్లు ఉన్నవాడు ఒక్కడే, దూదేకే కమాన్ చాచా. మనిషంత పొడుగు విల్లును, అదే కమాన్‌ను, దూలానికి తాడుతో వేలాడదీసి, దాని నారిని కొయ్య గుండుతో కొడుతూ టంయ్ టంయ్‌మని గడ్డకట్టిన దూదిని మేఘాలుగా విడగొట్టేవాడు. ఆ నారిని తాంత్ అంటారు, మేక పేగుతో పేనింది. మేం ముగ్గురం వెళ్లి విషయం చెబితే చాచా దూది గడ్డంతో కడుపుబ్బ నవ్వాడు.

"క్యా రే పోట్టే, దీంతోని షికారా? ఇది దూదిని కొడ్తది బేటా, జాన్వర్‌ను గాదు. దీని కట్టె వంగదు."

"ఒంగేటట్టు నేను జేస్త చాచా" అన్నాడు ఇంజనీర్.

"బాపమ్మ అడిగింది చాచా" అన్నాను నేను.

చాచా నవ్వు ఆగిపోయింది. ఆయన పరుపు కుట్టిన ప్రతి ఇంటి ముసలమ్మా ఆయనకు తల్లే. లోపలికి వెళ్లి వాళ్ల నాన్న వాడిన పాత కమాన్‌ను అటక మీంచి దించాడు. "దాదీ కోసమైతే తీస్కపో. మగర్ తాంత్‌ను పట్టుడు నేర్సుకోవాలె. రోజు పొద్దుమీకి దుకాణానికి రా" అన్నాడు. ఆ విధంగా నా ధనుర్విద్య మొదలైంది. సాయంత్రం పూట చాచా దుకాణంలో మూతికి గుడ్డ కట్టుకుని దూది ఏకడం. బాణం సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. దెబ్బ ఎక్కడ వేస్తే దూది లేస్తుంది, ఎక్కడ వేస్తే చిక్కుపడుతుంది, ఇదే పాఠం. వాన చినుకు పడితే మాత్రం సెలవు. చాచా కమాన్‌ను గుడ్డలో చుట్టి పైన పెట్టేసి, ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతూ కూర్చునేవాడు. మా గల్లీ ఆడవాళ్లు పరుపు విప్పే ముందు మబ్బు చూసేవాళ్లు. వానలో కమాన్ నడవదని మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మా ముగ్గురికీ తెలుసు. ఆ ముక్క అలా పక్కన ఉండనివ్వండి.

ఇంజనీర్ ఆ కమాన్ కట్టెను చిత్రిక పట్టి సన్నం చేశాడు. కింది కొసన ఉండే వెడల్పాటి పలకను మాత్రం అలాగే ఉంచాడు (అందానికని చెప్పాడు, అది ఊడి రాలేదని నాకు తర్వాత తెలిసింది). బాణాలకు వెదురు పుల్లలు, మొనలకు సానబెట్టిన ఇనుప ముక్కలు, తోకలకు ఫికర్‌మత్ వాళ్ల పావురాలు రాల్చిన ఈకలు. మా డాబా మీద పిట్టగోడకు గడ్డి కుక్కిన గోనెసంచి ఆనించి, దానికి బొగ్గుతో కళ్లూ కొమ్ములూ గీసి, అదే కణుజనుకున్నాం. మొదటి బాణం నా కాళ్ల దగ్గరే పడింది. తర్వాత కొన్ని బాణాలు గోనెసంచి దాకా వెళ్లి, దాన్ని పలకరించి కింద పడ్డాయి. ఒక్కటి మాత్రం ఎలా పోయిందో గానీ గోనెసంచిని, పిట్టగోడను, గల్లీని దాటి ఎదురింటి పెద్దమ్మ డాబా మీద ఎండకు పెట్టిన మామిడికాయ తొక్కు జాడీ మూతిగుడ్డలో దిగింది. కాసేపటికి పెద్దమ్మ నూనె కారుతున్న బాణం పట్టుకుని మా వాకిట్లో నిలబడింది.

"ఎవడ్రా గీ మొనగాడు? కొత్త తొక్కు ఖరాబ్ జేసిండు!"

"పోనియ్యే చెల్లే, నా మనుమడు. నాకు కణుజును కొట్కస్తందుకు నేర్సుకుంటుండు" అంది బాపమ్మ దంచడం ఆపకుండానే.

పెద్దమ్మ కోపం ఎటు పోయిందో తెలియదు. బాణాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చి, "గట్లనా? అయితే తొడ నాది. తొక్కు ఖరాబైంది గదా" అంది. అక్కడే మా కొంప మునిగింది. పెద్దమ్మకు తొడ ఖాయమైందని తెలిసి పక్కింటి కిరాణా సేటు (జంధ్యం వేసుకునే మనిషి, తను ముట్టడు గానీ గుమాస్తాల కోసమని) ముందు కాలు చెప్పాడు. చాచాకు కాలేజం, అంటే లివరు. స్టేషన్లో సిగ్నల్ వేసే మామకు మెడ. కొమ్ములు తలుపు మీద కొట్టుకుంటానని ఇంజనీర్ వాళ్ల నాన్న. కణుజు నల్లమలలో నిశ్చింతగా మేస్తూ ఉంది, ఇక్కడ దబీర్‌పురాలో దాని ఒంటి మీద ఎవరికీ చెందని చోటు లేకుండా పోయింది. పెద్దమ్మ ధనియాలు వేయించి మసాలా నూరి డబ్బాకు ఎత్తింది. ఫికర్‌మత్ వాళ్లమ్మ పెళ్లిళ్లకు వాడే దేగ్చాకు కళాయి వేయించింది. బాపు మాత్రం ఒక్కసారి నా విల్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ముందుగాల నౌకరి పర్మినెంటు గానియ్యకపోతివిరా" అని మళ్లీ గోడకు ఆనించాడు.

ఇంకో చిక్కు వచ్చింది. బాపమ్మ తినాలంటే మొదటి ముక్క మైసమ్మకు పెట్టాలి. ఫికర్‌మత్ వాళ్లింట్లో తినాలంటే ప్రాణం పోకముందే బిస్మిల్లా చెప్పి కోయాలి. "బాణం తల్గంగనే కత్తి తీస్కొని నేను ఉరుకుత" అన్నాడు వాడు. "కణుజు ఎనక ఉరికేటోనివైతే స్కూల్ల పరుగుపందెంల ఒక్క కప్పు గూడ ఎందుకు రాలేదు మియా?" అన్నాడు ఇంజనీర్. దీని మీద రెండు సాయంత్రాలు లొల్లి నడిచింది. చివరికి చాచా తీర్పు చెప్పాడు: బాణం వదిలేటప్పుడే బిస్మిల్లా అనుకుంటే సరిపోతుంది, మొదటి ముక్క మైసమ్మకు, రెండోది నుంచి ఎవరిది వాళ్లు. ఎప్పుడు బయలుదేరాలన్న దానికి మాత్రం ఏ పంచాయితీ అక్కర్లేకపోయింది. శ్రావణం పడితే మా ఇంట్లో, పెద్దమ్మ ఇంట్లో ముక్క పొయ్యి ఎక్కదు. కాబట్టి ఆషాఢం దాటకూడదు. మిషన్ల మరమ్మతు కోసం కార్ఖానా మూసే వారం కూడా ఆషాఢంలోనే కుదిరింది. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా? వంటింటి క్యాలెండర్ చూసి వేటకు తేదీ పెట్టిన వాళ్లం ప్రపంచంలో మేమే అయి ఉంటాం.

బోనాలు ఇంకా రాకముందే ఒక తెల్లవారి చాంద్రాయణగుట్ట దగ్గర అచ్చంపేట బస్సెక్కాం. గల్లీ అంతా సాగనంపింది. పెద్దమ్మ కుంకుమ పెట్టింది. బాపమ్మ అరుగు మీంచే చెయ్యి ఊపింది. బస్సు కండక్టరు మా విల్లును చూసి, "దూదేకులోళ్లా? లోపల పట్టదు, పైకెక్కియ్యుర్రి" అన్నాడు. నాకు చిన్నతనంగా అనిపించింది. వేటగాళ్లమని చెబుదామనుకుని, టికెట్ ఇచ్చేవాడితో వాదమెందుకని ఊరుకున్నాను. దారిలో ఆగిన ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు బస్సు పైకి చూసి "ఓ దూదేకులాయనా" అని పిలిచేవాళ్లు. ఘాట్ మొదలయ్యే ముందు ఊళ్లో దిగి, విల్లు భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచామో లేదో, ఒక ఇంట్లోంచి ఒకావిడ చంకలో మెత్తతో, అంటే తలగడతో, బయటికొచ్చింది. ఇంకో ఇంటి ముందు అప్పుడే బొంత విప్పుతున్నారు. మేం తలలు వంచుకుని గబగబా అడవి దారి పట్టాం. ఆ దారి మొదట్లోనే చెట్టు కింద ఖాకీ నిక్కరు, బీడీ, చేతికర్రతో జంగ్లాత్ జవాను, అంటే అడవి కాపలా మనిషి, కూర్చుని ఉన్నాడు.

"ఆగుర్రి. యాడికెల్లి వస్తున్రు? గీ అడివిల మీకేం పని?"

ఇంజనీర్ స్క్రూడ్రైవర్‌ను జేబులోకి తోశాడు. ఫికర్‌మత్ ఒక్కడే నిబ్బరంగా సలాం చేశాడు.

"దూది ఏకెటోళ్లం సాబ్. పట్నం కెల్లి వచ్చినం."

"గింత దూరమా?"

"పట్నంల కమాన్లు ఎక్కువైనయ్ సాబ్, పరుపులు తక్కువైనయ్."

జవాను గోనెపట్టాలో చుట్టిన బాణాలను కర్రతో పొడిచాడు. "మరి గివేంది?"

"దూది చిక్కు దీసే పుల్లలు" అన్నాడు ఇంజనీర్, తడుముకోకుండా. ఈకల సంగతి అడిగితే ఏం చెప్పేవాడో గానీ జవాను అడగలేదు. ఆయన మొహం విప్పారింది. బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"దేవుడు పంపినట్టే వచ్చిన్రు. మా ఇంటిది నెలలు నిండి ఉన్నది. పరుపు గడ్డలు గట్టి పాపం రెప్ప మూస్తలేదు. నడువుర్రి."

ఇక ఏం చేస్తాం? వాగు గట్టున పెంకులు కప్పిన ఆయన క్వార్టరుకు నడిచాం. ఆ తల్లి నిండు పొట్టతో గోడ పట్టుకుని నిలబడి మమ్మల్ని చూసి నవ్వింది. ఆ పరుపు తడిమి చూస్తే నిజంగానే రాళ్ల మూట. నేను విల్లును దూలానికి కట్టాను. కొయ్య గుండు లేదు, ఇంజనీర్ ఒక కట్టెముక్కను చెక్కి ఇచ్చాడు. మొదటి దెబ్బకు తాంత్ టంయ్‌మంది. నిజం చెప్పాలంటే, అన్ని వారాల సాధనలో నా చేతికి పట్టుబడిన విద్య అదొక్కటే. మధ్యాహ్నానికి ఆ రాళ్ల మూట తెల్లగా పొంగి గదంతా నిండింది. మేం ముగ్గురం నెత్తి మీంచి కాళ్లదాకా దూదితో పండు ముసలివాళ్లలా తయారయ్యాం. ఊళ్లోంచి కొందరు ఆడవాళ్లు మెత్తలు పట్టుకుని మా జాడ తీస్తూ వచ్చేశారు. అవీ ఏకాం. జవాను భార్య జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పెట్టింది. పరుపు కుట్టి వేశాక ఆమె దాని మీద పడుకుని అలాగే నిద్రపోయింది. జవాను గుమ్మంలో నిలబడి ఆమెను చూస్తూ, "ఎన్ని దినాలైందో గిట్ల పండుకోక" అన్నాడు. సాయంత్రానికి సన్నగా వాన మొదలైంది. మీరు ఈ వానలో ఎటు పోతారు, ఇక్కడే పడుకోండని వసారాలో మాకు చాప పరిచాడు.

తెలతెలవారుతుంటే నాకు మెలకువ వచ్చింది. వాన వెలిసింది. వాగు మీద పొగమంచు. అవతలి గట్టున చెట్ల మధ్య ఏదో కదిలింది. చూస్తూ ఉండగానే ఒక కణుజు పోతు బయటికి వచ్చి నీళ్ల దగ్గర నిలబడింది. బాపమ్మ చెప్పిన దానికన్నా పెద్దది. మెడ కింద జూలు తడిసి నీళ్లు కారుతున్నాయి. కొమ్ములకు తీగ ఏదో చుట్టుకుని ఉంది. దోస్తులను లేపాలన్న ఆలోచన కూడా రాలేదు. మేకుకు తగిలించిన విల్లును చప్పుడు కాకుండా తీశాను. బాణం పెట్టాను. బాపమ్మను తలుచుకున్నాను, మైసమ్మను తలుచుకున్నాను, మాట ప్రకారం బిస్మిల్లా కూడా అనుకున్నాను. నారి లాగాను. రాత్రంతా వాన గాలికి నాని, అది తడి బట్టలు మోసిన దండెంలా జారిపోయి ఉంది. బాణం నా పాదం మీద పడింది.

ఆ క్షణంలో నాకు కళ్ల ముందు కనపడింది కణుజు కాదు, వాన పడుతుంటే హోటల్లో సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్న కమాన్ చాచా. ఏళ్ల తరబడి చూస్తున్నాం. తొక్కు జాడీ పెద్దమ్మకు తెలుసు, సేటుకు తెలుసు, మాకు తెలుసు. ఆషాఢంలో అడవికి పోతూ ముగ్గురిలో ఒక్కడికి గుర్తుకు రాలేదు. (తాంత్ బిగువుగా ఉన్నా ఆ బాణం వాగు దాటేది కాదనుకోండి.) కణుజు తలెత్తి నన్ను చూసింది. చెవులు రెండూ నా వైపు తిప్పింది. దాన్ని కొట్టడానికి వచ్చినవాణ్ణని మరిచిపోయి నేనూ చూస్తూ నిలబడ్డాను. అంత పెద్ద ప్రాణి అంత నెమ్మదిగా ఊపిరి పీలుస్తుంటే చూడడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చాలాసేపటికి అది ముందు కాలితో నేలను తన్ని "ఢాంక్" అని ఒక్క అరుపు అరిచి, తోక ఎత్తి చెట్లలోకి వెళ్లిపోయింది.

లోపల్నుంచి జవాను గొంతు వినపడింది. "కణుజు అర్సింది! పులి తిరుగుతున్నట్టుంది, పైలం!"

ఆ మాటకు దోస్తులిద్దరూ లేచి, ఒకరి మీద ఒకరు పడుతూ ఇంట్లోకి దూరి తలుపు వేసుకున్నారు. వసారాలో నేను ఒక్కణ్ణే మిగిలాను. ఆ పులి నేనేనని ఆయనకు చెప్పలేకపోయాను.

తిరుగు బస్సులో ఫికర్‌మత్ మొట్టమొదటిసారి "ఫికర్" అన్న మాట ఎత్తలేదు. కణుజు ఒంట్లో తొడ నుంచి కాలేజం దాకా మాట ఇచ్చేసి ఉన్నాం. చాంద్రాయణగుట్ట దగ్గరికొస్తుంటే ఇంజనీర్ నా చెవిలో, "ఈడ దిగి మేకపోతు తొడ కొందాం. పెద్ద పెద్ద ముక్కలు కొట్టిస్తే కణుజే అనుకుంటరు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "గల్లీ అంత నమ్ముతది. బాపమ్మ పుట్టిందే గాడ. నోట్ల పెట్టుకోంగనే పట్టేస్తది" అన్నాను. ఆ మాటకు ఇద్దరూ తలలూపారు. అందులో ఉన్న తిరకాసు ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. గల్లీ మొగలో అడుగు పెట్టేసరికి పెద్దమ్మ గిన్నె కడిగి బోర్లించి మరీ ఎదురు చూస్తోంది. మా ఖాళీ చేతులు, జుట్టులో ఇంకా అతుక్కున్న దూది చూసి గిన్నెను చంకన పెట్టుకుంది. "నూరిన మసాలా నేనేం జెయ్యాలెరా?" అంది. చాచా మాత్రం మా విల్లును తీసుకుని తాంత్ మీద వేలు మీటి, అది 'టప్' మంటే, "బారిష్?" అని ఒక్క మాట అడిగి ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడని తెలిసింది. ఆ మసాలాతో ఆ పూట గల్లీ అంతటికీ కోడిగుడ్ల పులుసు వండారు. కళాయి వేయించిన దేగ్చా అలా పనికొచ్చింది.

నేను మాత్రం తినకుండా అరుగు మీద బాపమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె మొహంలోకి చూడలేకపోయాను. "తేలేకపోయిన బాపమ్మా" అన్నాను.

"కనపడ్డదా?" అంది.

"కనపడ్డది."

"యాడ?"

చెప్పాను. వాగు, పొగమంచు, తడిసిన జూలు, కొమ్ములకు చుట్టుకున్న తీగ. ఆమె దంచడం ఆపింది, కళ్లు మూసుకుంది. "చెవులు గిట్ల మలిపిందా? ఆ, గట్లనే మలుపుతది. కాలు తన్నిందా? తంతది, తంతది." వాగు నిండా పారుతోందా, ఇప్పచెట్లు ఇంకా ఉన్నాయా, జొన్నరొట్టె ఎంత వెడల్పు చేశారు, జవాను భార్యకు ఎన్నో కాన్పు, అన్నీ అడిగింది. చెప్పిందే మళ్లీ చెప్పించుకుంది. చెబుతూ చెబుతూ నాకు ఉత్సాహం వచ్చి, "వచ్చే ఏడు ఎండాకాలంలనే పోత బాపమ్మా. తాంత్ గట్టిగుంటది. ఖాయం కొట్కస్త, కడుపునిండ తిందువు" అన్నాను.

బాపమ్మ నవ్వింది. నోరంతా తెరిచి నవ్వింది. అప్పుడు చూశాను నేను, పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఆ నోటిని. ఒక్క పన్ను లేదు. చంటిపిల్ల నోటిలా గులాబీ రంగు చిగుళ్లు. ఆకూ వక్కా ఎందుకు దంచుకుంటుందని అనుకున్నాను అన్నేళ్లూ? అన్నంలో పప్పు పిసికి పిసికి అమ్మ ముద్దలు చేసి పెడుతుంటే రోజూ చూస్తూనే ఉన్నాను. తొడ, మెడ, కాలేజం అన్నీ పంచిన గల్లీలో ఈమె ఎలా నములుతుందని అడిగిన మనిషి ఒక్కడు లేడు.

"పండ్లేవిరా నాకు, తిననీకి?" అంది.

"మరి తినాలె అని ఎందుకన్నవ్?"

"గట్ల అనకుంటే పోతుంటివా? నేనైతే పోలేను. నువ్వు పోయి సూసొచ్చి జెప్తవని." నా జుట్టులోంచి ఒక దూది పింజను తీసి, ఉఫ్‌మని ఊది, మళ్లీ రోలు దగ్గరికి లాక్కుంది. టక్ టక్ మొదలైంది. నేను లేచి వెళ్లి, పులుసులో రెండు గుడ్లు వడ్డించుకుని కడుపునిండా తిన్నాను.

బాపమ్మ ఇంకా చాలా కాలం బతికింది, వచ్చిన వాళ్లందరికీ నా కణుజు కథ చెప్పేది. ఆమె చెప్పే కథలో దాని ఎత్తు ఏటేటా పెరిగింది. విల్లు మళ్లీ చాచా అటక ఎక్కింది. గల్లీ మారింది, మేమూ సంతోష్‌నగర్ వచ్చేశాం. నా పళ్లు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. కట్టుడు పళ్లు ఉన్నాయి గానీ అవి గ్లాసులోనే ఎక్కువ సుఖపడుతున్నాయి. మొన్న మా మనవడు సెలవు దొరికిందని ఫోన్ చూసుకుంటూ సోఫాలోనే పొద్దుపుచ్చుతుంటే చూసి చూసి అన్నాను, "ఒరేయ్, నల్లమల ఘాట్ ఎక్కే కాడ రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చిన మక్క కంకులు అమ్ముతరు. వాటి మీద పానం గుంజుతుందిరా. గాడి వాగు కాడ ఒక్క గడియ కూసొని, నాకో కంకి పట్కరా."

వాడు తల ఎత్తాడు. "కంకి కోసం గంత దూరమా తాతా?" అని, నా మొహం చూసి జాలిపడి, "సరే, రేపు బండి మీద పోత. తెస్త, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

వాడూ నా నోటి వైపు చూడలేదు.